ఇద్దరు పెద్దకోడళ్ళు, ఒక్క సూది

నేను మిషన్ కుడ్త. ఇరవై ఏండ్ల సంది ఆడోళ్ళ కొలతలు తీస్తున్న. నడుమెంత, వయసెంత అని అడిగితె నిజం జెప్పిన మనిషిని ఇంతవరకు చూడలె. నడుముకైతె నా చేతిల టేపు ఉంటది, అబద్ధం అక్కడిక్కడ్నే దొర్కుతది. వయసుకు ఏ టేపూ లేదు. కార్డు మీద ఏది రాస్తె అదే వయసు, ఆ కార్డు ఎట్ల రాసిండ్రో చూసినోళ్ళకు దాని మీద నమ్మకం ఉండదు. నేను చూసిన.

మాది వనపర్తి దిక్కు ఊరు. ఒకటే వాకిలి, రెండు తలుపులు, నడిమిట్ల ఒకటే గోడ. ఒక తలుపు మా అత్తది. ఇంకోటి మా పెద్దత్తది, అంటె మా మామ వాళ్ళ అన్న పెండ్లాముది. మామలిద్దరూ ఎన్నడో పోయిండ్రు. మా అత్త పుట్టిల్లు లింగాల, పెద్దత్త పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు కాడ ఉన్న గట్టు. అందుకని పెద్దత్త మా అత్తను 'లింగాలామె' అంటది, మా అత్త పెద్దత్తను 'గట్టామె' అంటది. చెల్లె అని ఆమె అనదు, అక్క అని ఈమె అనదు. నలబై ఏండ్లు ఒక్క వాకిట్ల ఉండుకుంట ఇద్దరూ ఊరి పేర్లు పెట్టే పిలుసుకున్నరు. కొత్తగ వచ్చినోళ్ళు ఇంటె బస్టాండుల అనౌన్స్‌మెంట్ నడుస్తున్నదనుకుంటరు.

కొట్లాట ఏందంటె, ఇద్దర్ల పెద్ద ఎవలు? పెద్దత్త మొగుడు పెద్దోడు, అందుకని పెద్దకోడలు ఆమె. మా అత్త దానికి ఒప్పది. "మొగుడు పెద్దోడయితె అయిండు, మనిషిని నేను పెద్ద. నేను జొన్న కోస్తుంటే ఆమె ఇంక పాలు తాగుతుండె" అంటది. లింగాలల ఈమె జొన్న కోసేటప్పుడు గట్టుల ఎవలు పాలు తాగుతుండ్రో ఈమెకెట్ల ఎర్కయ్యిందని నేను ఎన్నడడగలె. కోడల్ని, నాకెందుకు.

పెద్ద అంటె మా దిక్కు ఉత్త మాట గాదు. బోనాల నాడు తొలి బోనం పెద్దామెది. బచ్చాలు, అంటె బొబ్బట్లు, చేస్తె పెనం మీదికెళ్ళి మొదటి బచ్చం పెద్దామె పళ్ళెంల పడాలె. కొత్త కోడలు వస్తె ముందుగాల మొక్కేది పెద్దామె కాళ్ళకే. నేను కొత్త పెండ్లికూతురుగ వచ్చిన్నాడు ఇద్దరూ ఎవరి తలుపు కాడ వాళ్ళు కొంగు సర్దుకోని, కాళ్ళు జర ముందుకు పెట్టి నిలబడ్డరు. ఊరోళ్ళంత మెడలు సాపుకోని చూస్తున్నరు. నేను ఆ దిక్కు చూసిన, ఈ దిక్కు చూసిన, ఇద్దరి నడిమిట్ల నేలకు మొక్కిన. ఆ ఇంట్ల నేను చేసిన మొదటి తెలివైన పని అది. ఇద్దరూ ఒక్కసారే నూరేండ్లు సల్లగుండమని దీవించిండ్రు. ఎవరి దీవెన ముందు నాకు తాకిందని అటెన్క వారం రోజులు కొట్లాడిండ్రు.

ఆధార్ కార్డు వచ్చినంకనన్న ఈ లొల్లి తెగుతదని అనుకున్న. కార్డులు తీసే పిల్లగాడు బడి వరండాల కంప్యూటర్ పెట్టుకోని కూసున్నడు. పొద్దుగాల సంది ఎండల జనం. మా అత్తలిద్దర్ని నేనే తోల్కపోయిన. "అమ్మా, ఏ ఏడు పుట్టినవు" అని ముందుగాల పెద్దత్తను అడిగిండు. "లింగాలామెకు ఎంత రాస్తవో రాయి. దానికి ఒక ఏడు ఎక్కువ నాకు రాయి" అన్నది. సరేనని మా అత్తను అడిగిండు. "గట్టామెకు ఎంత రాస్తవో, నాకు దాని మీద ఒకటి" అన్నది. ఆ పిల్లగాడు రెండు చేతులతోని నెత్తి పట్టుకోని, ఇద్దరికీ ఒకే జనవరి ఒకటి, ఒకే ఏడు కొట్టి, ఏలి ముద్దర్లు ఏపిచ్చుకోని పంపిండు. ఆ దినం సంది సర్కార్ లెక్కల ఇద్దరూ ఒక్క నాడే పుట్టిండ్రు.

అటెన్క కరోనా వచ్చింది.

మా అత్తకు ఆయాసం ఉన్నది. వాన కాలం మొదలైతె సాలు, ఆమె ఊపిరి కుక్కర్ ఈల లెక్క వస్తది. వనపర్తిల ఆమెను చూసే డాక్టరు నన్ను పక్కకు పిలిసి, "ఈమెకు ఈ రోగం తగులుకుంటె తట్టుకోదమ్మా. టీకా వచ్చిన్నాడు ఆగకుండ ఏపియ్యి" అన్నడు. ఆ మాట మా ఆయనకు జెప్పలె, ఆమెకు జెప్పలె, నాకు జెప్పిండు. నాకు ఆమె మీద పానం. నోరు పెద్దదే, కాదన. కని నా మొదటి మిషన్ ఆమె మెడల బంగారు గుండ్లు అమ్మి కొనిచ్చింది, ఇంట్ల అందరు వద్దన్న గుడ. ఎట్లనన్న జేసి ఆమె జబ్బకు సూది ఏపియ్యాలె, ఇదొక్కటే నా మనసుల పడ్డది.

టీకా రానే వచ్చింది. అరవై దాటినోళ్ళకు ముందు, వాళ్ళతోని పాటు నలబై అయిదు దాటి షుగరో బీపీయో ఉన్నోళ్ళకు. తర్వాత నలబై అయిదు దాటినోళ్ళందరికి. ఆ తర్వాత పద్దెనిమిది దాటిన మాలాంటోళ్ళకు. పిల్లలు ఆఖరికి. ఫోన్ల రోజుకొక మెసేజ్ వస్తది, నాకు మతికుండదు. కటింగ్ కాగితం ఒకటి తీసి, సాక్‌పీసుతోని ఎవలికి ఎప్పుడు అని గీసి, మిషన్ మీద గోడకు అంటిచ్చిన. జాకెట్ కొలతలకు వచ్చినోళ్ళు గుడ దాన్నే చూసుకోని పోతుండిరి. కార్డు లెక్క ప్రకారం మా అత్తలిద్దరికి అరవై రెండు. లైన్ల అందరి కన్న ముందు మా ఇల్లే.

"అత్తా, రేపు పోదం" అన్న.

మా అత్త సాటల బియ్యం సెరుగుతున్నది. తల ఎత్తకుంటనే, "మనింట్ల ఏదైన పెద్దామెకే ముందు గద. గట్టామెనే పెద్ద. ముందుగాల ఆమెకు ఏపియ్యి" అన్నది.

నేను నా చెవుల్ని నమ్మలె. ఉరికిన, పెద్దత్త తలుపు కాడికి. "పెద్దత్తా, సూదికి రేపు పోదం, పెద్దకోడలివి నువ్వే ముందు" అన్న. ఆమె పుట్టింటి కన్నడం కోపమొచ్చినప్పుడో భయమైనప్పుడో బైటికొస్తది. "బేడమ్మ, బేడ. నాకొద్దు. లింగాలామె నా కన్న పెద్దనని ఊరంత డప్పు కొడ్తది గద. ఆమె ముందు ఏపిచ్చుకుంటె, చిన్నదాన్ని, ఎన్క నేను పోత."

నలబై ఏండ్లు పెద్దనంటె పెద్దనని బచ్చం మీద కొట్లాడినోళ్ళు, సూది అనంగనే ఇద్దరూ చిన్నపిల్లలయిండ్రు. ఎవలన్న ఒక్కరు కదిలితె ఇంకొకరు కదుల్తరు. ఎవలూ కదుల్తలేరు. నెల రోజులు నేను ఈ తలుపు కాడికెళ్ళి ఆ తలుపు కాడికి తిరిగిన. మా ఆయన పల్లి చేనుకాడికెళ్ళి వచ్చి సంగతి ఇని, "ఇద్దరూ చిన్నోళ్ళే అయితె ఇంట్ల పెద్ద ఎవలు? నేనా? నాకు ఏస్తరేమో అడుగు" అన్నడు. ఆయనకు అంత నవ్వులాట. నాకు లోపల మండుతున్నది.

అంతల రోగం మా ఊరికి రానే వచ్చింది. గల్లీ గల్లీకి దగ్గే. సూది మందు సరిపోతలేదని క్యాంపులు బందు పెట్టిండ్రు. ఆ దినాలల్లనే మా అత్తకు ఆయాసం లేసింది. కరోనా గాదు, పాత ఆయాసమే, పరీక్షల ఏం తేలలె. అయిన మూడు దినాలు ఆమె కూసోని ఒక్క మాట పూర్తిగ మాట్లాడలె. నేను కత్తెర పట్టుకుంటె గుడ్డ వంకర పోతున్నది. ఆమె జర తేరుకున్నంక, వాకిట్లకొచ్చి ఇద్దరికీ ఇనవడేటట్ల మొదటిసారి నోరు తెరిసిన. "ఇద్దరూ చిన్నోళ్ళేనా? మంచిది. రేపటి సంది అంగన్వాడికి పోండ్రి. పలక తీస్కోని పోతె మధ్యాహ్నం గుడ్డు పెడ్తరు." రెండు తలుపులూ మూసుకున్నయి. కని మందు మల్ల వచ్చిందని తెలిసిన్నాడు ఇద్దరూ స్నానం జేసి, చీర కట్టుకోని వాకిట్ల తయ్యారుగ ఉన్నరు.

బడిల క్యాంపు. ఇద్దరు నర్సమ్మలున్నరు, కని ఎవలు ముందనేది ఇంక తెగలె. చివరికి నేనే రెండు కుర్చీలు పక్క పక్కకు ఏపిచ్చి, నర్సమ్మలను బతిలాడి, ఒకటి, రెండు, మూడు అన్న. రెండు సూదులు ఒక్కసారే దిగినయి. ఇద్దరూ ఒక్కసారే కండ్లు మూసుకోని, ఒక్కసారే ఒక కన్ను తెరిసి పక్కామె ఏడుస్తున్నదా అని చూసిండ్రు.

ఆ రాత్రి గడిచి తెల్లారె. పెద్దత్తకు జరం. మా అత్తకు జర ఒళ్ళు నొప్పులు, అంతే. పెద్దత్త దుప్పటి కప్పుకోని వాకిట్ల మంచం ఏపిచ్చుకోని పండి, వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు జెప్తున్నది, "పెద్ద పానం, పెద్ద జరం. లింగాలామెకు ఏం రాలె సూడు, ఇంక లేతది." సూది అయిపోయింది, భయం పోయింది, మల్ల పెద్దరికం మొదలయ్యింది. మా అత్త మొకం మాడిపోయింది. నేను నీళ్ళు తీస్కపోయి ఇచ్చుకుంట, "పెద్దత్తా, నర్సమ్మ జెప్పింది, ఈ సూదికి వయసు తక్కువ ఉన్నోళ్ళకే జరం ఎక్కువ వస్తదంట. ముసలోళ్ళకు అంత రాదంట" అన్న. నర్సమ్మ నిజంగనే జెప్పింది, నేను కల్పించలె. పెద్దత్త దుప్పటి తీసి అవతల ఏసింది. లేసి చీపురు పట్టి వాకిలి ఊడుసుడు మొదలు పెట్టింది. "జరమా? ఎవలికి? ఎండకు జర ఒళ్ళు కాలింది" అన్నది. ఇటు దిక్కు మా అత్త గోడకు ఆనుకోని, "అమ్మా, ఒళ్ళు సల్లగున్నది నాకు, ఐసు లెక్కున్నది" అని జబ్బ నాతోని పట్టి చూపిచ్చుకున్నది.

మూడు నెలలకు రెండో సూది. అది గుడ ఒకటి, రెండు, మూడు అనే ఏపిచ్చిన. మాకు, అంటె నాకు మా ఆయనకు, మా వంతు వచ్చినప్పుడు ఏపిచ్చుకున్నం, ఎవలూ పట్టిచ్చుకోలె. మరుసటి ఏడు పిల్లలకు వచ్చింది. పదిహేను దాటిన పిల్లలకు ఒక మందు, పన్నెండు దాటి పద్నాలుగు వరకు ఉన్నోళ్ళకు ఇంకొక కొత్త మందు. నా బిడ్డకు పదమూడు, దానికి ఆ కొత్తది బడిల్నే ఏసిండ్రు, రెండోది నెలకే. పెద్దత్తకు అది నచ్చలె. "పిల్లకేమో కొత్త మందు, నెలకే ఇంకోటి. మాకు పాత మందు, మూడు నెలలు ఆగాల్నా? ముసలోళ్ళంటె అంత అలుసా" అని నన్ను నిలదీసింది, మందు నేనే కలిపినట్ల. ఏ వయసుకు ఏది పనికొస్తదో చూసి ఇస్తరు పెద్దత్తా, చంటిదాని గౌనూ నీ రైకా ఒక్క కటింగ్‌తోని కుడ్తనా అంటె, అప్పుడు జర సమాధానపడ్డది.

ఇగ బూస్టర్. పిల్లలకు లేదు. పద్దెనిమిది నుంచి అరవై లోపటోళ్ళు అప్పటికైతె ప్రైవేటు దవాఖానల పైసలిచ్చి ఏపిచ్చుకోవాలె. అరవై దాటినోళ్ళకు సర్కార్ దవాఖానల ఉచితం, రెండో సూది పడి తొమ్మిది నెలలు నిండాలె. ఇది జెప్పంగనే మా అత్త కిసుక్కున నవ్వి, "తొమ్మిది నెలలు నిండాల్నా? ఏం కంటమని" అన్నది. పెద్దత్త గోడ అవతల నుంచి నవ్వింది. ఇద్దరూ ఒకే మాటకు నవ్వుడు నేనప్పుడే ఇన్న.

తొమ్మిది నెలలు నిండేసరికి వానలు పడ్డయి. మా అత్త ఊపిరి మల్ల ఈల మొదలు పెట్టింది. టీవీల మల్ల కేసులు పెరుగుతున్నయంటున్నరు. నాకు ఆ మూడు దినాలు మతికొచ్చి అన్నం పోతలేదు. ఈసారి వాళ్ళకు నేను జెప్పే పని లేకుండె, ఆ ఏడు చూసిన చావులకు ఇద్దరికీ సూది విలువ తెలిసింది. నాకంటె ముందుగాల తయ్యారైండ్రు. ఆటో మాట్లాడుకోని మండలం దవాఖానకు పోయినం. దారిల ఆటో టైరు పంచరైంది. పోయేసరికి పొద్దు గుంకనీకి అయితున్నది. లోపల ఒక్క నర్సమ్మ, బల్ల సర్దుతున్నది. మా ఎన్క, ముందల ఎవలూ లేరు.

"ఒక్క డోసే మిగిలింది" అన్నది నర్సమ్మ. "సీస తెరిసి మూడున్నర గంటలయ్యింది, నాలుగు గంటలు దాటితె పారేసుడే. కొత్త సీస తియ్యాలంటె పది మంది ఉండాలె, మీరు ఇద్దరే. మల్ల ఎన్నడొస్తదో నాకు తెల్వదు. జల్ది జెప్పుండ్రి, ఎవలికి?"

నేను ముందుకు పోయి, "అమ్మా, మా అత్తకు ఆయాసం..." అన్న. మాట పూర్తి గాలె. "నాకేం ఆయాసం? ఎవలన్నరు నీకు" అని మా అత్త కండ్లు పెద్దగ జేసింది. గట్టామె ముందల ఆమెకు ఏ రోగం ఉండది. అన్నంక వచ్చిన దగ్గు గుడ మింగింది. ఇగ నేను రెట్టిస్తె సూది ముట్టకుంట ఇంటికి నడుస్తది, ఆమె సంగతి నాకెర్క. పెద్దత్తను కాదని ఇంకొక మాట అంటె ఆమె నాతోని జన్మల మాట్లాడది.

నర్సమ్మకు ఇవన్ని ఏం తెలుసు. "వయసుల పెద్దోళ్ళెవలో వాళ్ళకేస్త" అని కార్డులడిగింది. రెండు కార్డులు పక్కపక్కకు పెట్టి చూసింది. మల్ల చూసింది. "ఒకే దినమా? కవలలా మీరు?"

"తోడికోడళ్ళు" అన్న నేను.

"మరి పెద్ద ఎవలమ్మా ఇద్దర్ల?"

ఆ ఒక్క మాట అడగొద్దుండె. అయిపోయింది అనుకున్న. జొన్న కోసుడు, పాలు తాగుడు, మొగుళ్ళ వరుస, అన్ని బైటికొస్తయి, ఆ అర్ధగంట గడుస్తది, సీస పారేస్తరు. నేను గోడ గడియారం దిక్కు చూస్తున్న.

"లింగాలామెనే పెద్ద" అన్నది పెద్దత్త.

ఆమె మా దిక్కు చూస్తలేదు. పైన తిరిగే పంకాను చూస్తున్నది. "నా కన్న రెండేండ్లు పెద్ద. ఆమెకే ఎయ్యి. నేను మల్లొస్త."

నాకు అప్పుడు తట్టింది. మా రెండిండ్లకు నడిమి గోడ ఒకటే. ఈ దిక్కు ఆ ఊపిరి ఈల నాకెంత ఇనవడ్తదో, ఆ దిక్కు ఆమెకు గుడ అంతే ఇనవడ్తది. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, దాసుకోలె. నర్సమ్మ సూదిల మందు ఎక్కిస్తున్నది. ఆమెకిది ఒక పేరు, ఒక డోసు.

ఇగ మా అత్త రొమ్ము ఇరుసుకోని నడుస్తదనుకున్న. నలబై ఏండ్లకు గెలిసింది గద, అదిగ్గుడ దవాఖానల, సాక్ష్యం ముందల. ఆమె కదలలె. పెద్దత్త మొకం దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"అబద్ధం" అన్నది. "నర్సమ్మా, అబద్ధం జెప్తున్నది. ఆమెనే పెద్ద. నా పెండ్లి నాడే మా అమ్మ నాకు జెప్పింది, ఆమె నీ కన్న పెద్దది, అక్కా అని పిలువు అని. నేనే పిలువలె. కావాలని పిలువలె. నాకొద్దు, ఆమెకెయ్యి."

"నాకెందుకు, లింగాలామెకు ఎయ్యి" అన్నది పెద్దత్త.

"పెద్దామెకు ముందు ఎయ్యి" అన్నది మా అత్త.

నర్సమ్మ సూది పైకి పట్టుకోని నా దిక్కు చూసింది. "ఏందమ్మా ఇది, ఇందాక పెద్ద ఎవలంటె ఒకరు, ఇప్పుడు ఇంకొకరు. నేను ఇంటికి పోవాల్నా వద్దా?" ఇరవై ఏండ్లు చూసిన కొట్లాట ఒక్కసారి ఉల్టా అయ్యింది, నా దగ్గర దానికి కటింగ్ లేదు.

పెద్దత్త పంకా మీదికెళ్ళి చూపు దించింది. వచ్చి మా అత్తకు ఎదురుంగ నిలబడి అడిగింది, "నేనే పెద్దనంటవా?"

"నువ్వే."

"ఇందరి ముందల ఒప్పుకుంటున్నవా?"

ఇందరంటె నేను, నర్సమ్మ. "ఒప్పుకుంటున్న" అన్నది మా అత్త. ఆ రెండు ముక్కలనేసరికే ఊపిరి అందలె, ఈల వచ్చింది, ఈసారి దాసుకోలె.

"అయితె పెద్దదాని మాట ఇను" అన్నది పెద్దత్త. "కూసో."

మా అత్త కూసోని, రైక చెయ్యి పైకి మలిసింది.